‘కానీలే’కు గడి లేదు

మా వీధి చివర రోడ్డుకు కొత్త తారు వేస్తున్నారు. వేడి తారు వాసన పొద్దున్నుంచి ఇంట్లోకి వస్తోంది. ఈ వాసనకు నాకు ఓబులేసు సార్ గుర్తొస్తారు. హైవే కంపెనీ తరఫున దారి పక్క ఊళ్లవాళ్లతో మాట్లాడే ఆఫీసరు ఆయన. గార్లదిన్నె ఆఫీసులో ఆయన కింద నాలుగేళ్ల రెండు నెలలు గుమాస్తాగా పనిచేశాను. ఊరి సమావేశాల్లో ఎవరేమన్నదీ రాయడం నా పని.

ఒక మంగళవారం ఒక ఊరి బడి వరండాలో సమావేశం పెట్టాం. హైవే మధ్యలో గొర్రెలు దాటే సందు మూసేస్తామనీ, రెండు కిలోమీటర్ల అవతలున్న అండర్‌పాస్ గుండా మంద తిరిగి రావాలనీ ఇంజనీరు చెప్పాడు. ఆ ఊరికి మేత, నీళ్లు రెండూ రోడ్డుకు అవతలే. వచ్చినవాళ్లు ఇరవై ముగ్గురు. అందరికన్నా పెద్ద మంద ఉన్న మారెన్న లేచి, తువ్వాలు దులుపుకుని, “కానీలేప్పా” అన్నాడు. మిగతావాళ్లూ అదే మాట అన్నారు. నా కాగితంలో ఉన్నవి రెండే గడులు: అంగీకారం, అభ్యంతరం. అంగీకారం కింద ఇరవై మూడు వేశాను.

తిరుగుదారిలో, జీపులో సార్ అది చదివారు.

“ఒప్పుకుంటామని ఎవరన్నారమ్మా?”

“అందరూ కానీలే అన్నారు కద సార్.”

“నీ ఇంట్లో నువ్వు ఆ మాట ఎప్పుడంటావు?”

“నా మాట సాగదని తెలిసినప్పుడు సార్.”

ఆయన జీపు వెనక్కి తిప్పించారు. నేను పుట్టి పెరిగింది ఈ సీమలోనే. మాట తెలియక కాదు, ఏదో ఒక గడి నిండాలని తప్పు రాశాను.

మారెన్న దొడ్డి దగ్గరే ఉన్నాడు. “ఏమప్పా, మల్లా వచ్చినారు? జీపు చెడిపోయిందా?”

“నీ కానీలే ఏందో తెలుసుకుందామని వచ్చినాం మారెన్నా,” అన్నారు సార్.

“అంతా గీసుకోనొచ్చి అడిగితే ఏం చెప్పల్లప్పా? ఆడికి రెండు, మల్లా ఈడికి రెండు. ఎండకాలం ఈనిన గొర్రె అంత దూరం నడుస్తాదా? మంద అమ్ముకోవల్ల, అంతే.”

సార్ కాగితం బయటికి తీయలేదు. “రేపు నీ ఎంబడి మేమూ నడుస్తాం,” అన్నారు.

బుధవారం మంద వెనక నడిచాం. రోడ్డు అవతలికి చేరడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. దారిలో రెండు పిల్లలు కూలబడ్డాయి. ఒకదాన్ని మారెన్న ఎత్తుకున్నాడు, ఒకదాన్ని నేను. దాని గుండె నా అరచేతికి తగులుతూనే ఉంది.

ఊరి ఎదురుగా హైవే కింద వాననీళ్లు పోయే మోరీ ఒకటి ఉండేది. దాన్ని ఎత్తు పెంచి కట్టమని సార్ కంపెనీకి మూడుసార్లు రాశారు. రెండుసార్లు కుదరదన్నారు. మూడోసారి మా నడక లెక్కంతా జతచేశాను. ఈసారి గొర్రె ఎత్తుకు సరిపడా నక్షా వచ్చింది. అది చూసి మారెన్న, “గొర్రెలు పోతాయి సరే, నేను పాకోని పోవల్లనా?” అన్నాడు. సార్ అతన్ని భుజాన గొర్రెపిల్లతో నిలబెట్టి, టేపుతో కొలిపించి, ఆ ఎత్తే పట్టుబట్టి రాయించారు. మోరీ అలాగే కట్టారు. మారెన్న మంద అమ్మలేదు.

సార్ పోయి పదకొండేళ్లు. ఇప్పుడు మా కాలనీ సంఘం కాగితాలు నేనే రాస్తున్నాను. కుళాయి జరపాలన్నా, బస్టాపు మార్చాలన్నా ముందు అక్కడిదాకా నడిచి చూస్తాను. మోకాళ్లు మొరాయించిన రోజున, ఆ దారిన రోజూ నడిచేదెవరో కనుక్కుని వాళ్లను నా ఎదుట కూర్చోబెడతాను. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా కలం మూత తీయను.