వడగట్టిన నూనె

మా ఆయన మోకాళ్లు వాచి మెట్లెక్కలేకపోతే నాంపల్లిలో ఒక దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ మందులు రాసి, తిండి సంగతి కూడా చెప్పింది. చక్కెర తగ్గించాలి, జొన్నరొట్టె, ఆకుకూరలు తినాలి, పొద్దున్నే మెల్లగా నడవాలి. ఒకసారి కాగిన నూనె మళ్లీ వాడితే వాపు పెరుగుతుంది, వాడొద్దు అంది.

ఆయన అన్నీ పాటించాడు. ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ విడవని ఇరానీ చాయ్ కూడా చక్కెర ఎక్కువని మానేశాడు. దోస్తులు పిలిస్తే, "మోకాళ్లు ఒప్పుకుంటలేవు భాయ్," అని నవ్వేవాడు.

నేను మాత్రం ఒక్కటి మానలేదు. గారెలు చేసిన నూనె పారబోయడానికి చేతులు రాలేదు. వడగట్టి స్టీలు గిన్నెలో దాచి, రోజూ కూరల్లో పోసేదాన్ని.

"గింత పథ్యం చేస్తున్న. వాపు తగ్గుతలేదేందే?" అని ఒకరోజు అడిగాడు.

"చాటుకు చాయ్ తాగుతున్నరేమో," అన్నాను.

"నీ మీద ఒట్టు, తాగలే," అన్నాడు. నేను పొయ్యి వైపు తిరిగాను.

ఆయన గుండెజబ్బుతో పోయి రెండేళ్లయింది. వాపు తగ్గకపోవడానికి నూనే కారణమో కాదో చెప్పేంత చదువు నాకు లేదు. ఇప్పుడు నా మోకాళ్లూ వాచాయి. డాక్టరమ్మ నాకూ ఆ మాటలే చెప్పింది.

నిన్న మనవరాలికి గారెలు చేశాక చేయి అలవాటుగా నూనె వడగట్టే జాలీ కోసం పోయింది. చేయి వెనక్కి తీసుకుని, మిగిలిన నూనె పారబోశాను. వాపెందుకు తగ్గట్లేదని ఆయన అడిగిన రోజే గిన్నె చూపించి నిజం చెప్పి ఉంటే, అంత పథ్యం ఎందుకని కనీసం ఒక కప్పు చాయ్ అయినా తాగేవాడు.