సముద్రం మీదున్నవాడికి ఓటీపీ

మా ఆఫీసులో ప్రతి కంప్యూటర్ మూలనా ఒక చుక్క ఉంటుంది. చేతులు కీబోర్డు మీద ఆడుతున్నంతసేపూ పచ్చగా ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగితే పసుపు, ఇంకాసేపు ఆగితే ఎరుపు. వారం చివర ఎవరి చుక్క ఎంతసేపు పచ్చగా ఉందో గోడ మీది టీవీలో వేస్తారు. దీన్ని ప్రొడక్టివిటీ అంటారట. నా మొహం! ఇరవై ఏళ్ళుగా వెబ్ పేజీలు చేస్తున్నదాన్ని నేను. ముందు కాగితం మీద గీసుకుని, కాసేపు కిటికీలోంచి మధురవాడ అపార్ట్‌మెంట్లకేసి చూస్తూ ఆలోచించి, ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకుంటాను. అలా ఆలోచిస్తున్నంతసేపూ నేను ఖాళీగా కూర్చున్నానని ఆ చుక్క ఊరంతా చాటింపు వేస్తుంది.

నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. కానీ ఈసారి కోపంలో సగం నా మీద నాకే.

ఎనిమిదేళ్ళ కిందట హార్బర్‌లో బోట్ల సంఘం వాళ్ళకి ఒక పేజీ చేసిచ్చాను. బోటు వేటకి వెళ్ళాలంటే ఐసు నింపుకోవాలి. లేకపోతే పట్టిన చేప ఒడ్డుకి చేరేలోపే పాడైపోతుంది. రోజుకి కొన్ని బోట్లకే ఐసు అందుతుంది కాబట్టి వరస పట్టుకోవాలి. ఆ పేజీ మొదలుపెట్టే ముందు నాలుగు రోజులు పొద్దున్నే వెళ్ళి జెట్టీ మీద కూర్చున్నాను. వరస పట్టేది ఆడవాళ్ళని అక్కడే తెలిసింది. మొగుడు ఇంకా సముద్రం మీద ఉండగానే, దగ్గరికొచ్చేశామని వైర్‌లెస్‌లో కబురు రాగానే, ఒడ్డునున్న భార్య బోటు నంబరు చెప్పి వరస పట్టేస్తుంది. బోటు వచ్చి, చేపలు దించి, ఐసు ఎక్కించుకుని మళ్ళీ బయల్దేరుతుంది. అందుకే నా పేజీలో బోటు నంబరు కొట్టి ఒక బటన్ నొక్కితే చాలు, వరస వచ్చేసేది. చూడ్డానికి అందంగా ఉండేది కాదు, ఒప్పుకుంటాను. కానీ అద్దం పగిలిన ఫోన్లో కూడా తెరుచుకునేది.

మొన్న వేసవి తర్వాత దాన్ని కొత్త టెక్నాలజీలోకి మార్చాలన్నారు. మా టీమ్ లీడ్ నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. ఏఐకి ఇంగ్లీషులో చెప్పి చెప్పి మూడు రోజుల్లో కొత్త పేజీ రాయించేశాడు. అలలు కదులుతాయి, బోటు బొమ్మ ఊగుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

దాన్ని పరిశీలించి సరే అనడం నా వంతు. ఆ వారం నా చుక్క బాగా వెనకబడి ఉంది. జెట్టీకి వెళ్తే రోజంతా ఎరుపే. అందుకని ఆఫీసు కుర్చీలోనే, ఆఫీసు నెట్‌తోనే తెరిచి చూశాను. నంబరు కొట్టగానే బోటు ఓనరు ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది, రెండు నిమిషాల్లో అది కొట్టాలి. ఆ ఓటీపీ మాలో ఎవరూ అడగలేదు, ఏఐ తనంతట తనే పెట్టింది. ‘సెక్యూరిటీ బాగుంది’ అని రాసి సరే అనేశాను. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. చుక్క పచ్చగా ఉంది కదా అని సిగ్గులేకుండా సంతోషించాను కూడా.

సీతమ్మధారలో మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఉంది. నాకన్నా పెద్దది, మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. వాళ్ళాయనకి సొంతంగా ఒక పాత బోటు ఉంది, తనే వేటకి వెళ్తాడు. రెండు వారాలుగా ఆవిడ కనబడలేదు. ఒక ఆదివారం వచ్చింది, నెత్తిమీద తట్ట లేదు. గేటు దగ్గరే మొదలుపెట్టింది.

“ఏటి తల్లీ, ఆ ఐసు పేజీ నువ్వే సేసినావంట కదా?”

“ఏమైంది అప్పా?”

“నంబరు కొడితే ఓటీపీ అంటాది. అదేమో మా ఆయన ఫోనుకి ఎల్తాది. ఆయన సముద్రం మీదుంటే సిగ్నలెక్కడ్నుంచొత్తాది? ఒడ్డుకొచ్చీసరికి నాలుగైదు రోజుల వరసలన్నీ అయిపోతన్నాయి. రెండుసార్లు బోటు ఖాళీగా కట్టీసినాం.”

“మరి మిగతావాళ్ళకి ఎలా దొరుకుతోంది?”

“పెద్ద ఓనర్లు ఒడ్డునే ఉంటారు కదా! ఏసీలో కూకుని నొక్కేత్తన్నారు. తన బోటు మీద తనే ఏటకెల్లినోడికే ఐసు నేదు. ఇంకోపాలి ఆగిపోతే బోటులో పన్జేసే కలాసీలు ఉండరు తల్లీ, ఏరే బోటు ఎక్కీత్తారు. సదూకున్నోళ్ళు, ఆ మాత్రం తెల్దా మీకు?”

తెలుసు. నాకు ఎనిమిదేళ్ళ కిందటే తెలుసు. అదే నన్ను కాల్చేసింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి కాకుండా జెట్టీకి పోయాను. ఐసు వరస కోసం వచ్చిన ఆడవాళ్ళు ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. తెర మీద అలలు కదులుతున్నాయి, ఓటీపీ గడి ఖాళీగా ఉంది. నేను ఎవరో తెలిసి ఇద్దరు మొహం తిప్పుకున్నారు. అప్పుడే టీమ్ లీడ్ ఫోన్ చేశాడు.

“మేడమ్, పొద్దుట్నుంచీ మీ చుక్క ఎర్రగా ఉంది. లీవా?”

“పనిలో ఉన్నాను. ఆ ఓటీపీ ఇప్పుడే తీసెయ్. మగవాళ్ళు సముద్రం మీద ఉన్నారు, ఎవరు కొడతారు అది?”

“యూజర్లు ఇంకా అలవాటు పడలేదు మేడమ్. ట్రైనింగ్ వీడియో పెడదాం.”

“ఎవరికి బాబూ ట్రైనింగ్? సముద్రానికా?”

చాలా మర్యాదగా అన్నాడు. “ఓటీపీ మీరే అప్రూవ్ చేశారు కదా మేడమ్.”

చెంప ఛెళ్ళుమంది. నిజమే మరి, ‘సెక్యూరిటీ బాగుంది’ అని రాసింది నేనే.

మూడు రోజుల్లో పెట్టినదాన్ని తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. దానికో మీటింగు, మీటింగులో ఏం తేల్చామో చెప్పుకోవడానికి ఇంకో మీటింగు. నేను అరిచాను, బల్ల గుద్దాను, గొంతు తగ్గించుకోమని పక్కవాళ్ళతో అనిపించుకున్నాను. మీటింగుల్లో నోట్సు కొడుతూనే ఉన్నాం కాబట్టి ఆ తొమ్మిది రోజులూ మా అందరి చుక్కలూ పచ్చగానే వెలిగాయి. చివరికి పాత పేజీ మళ్ళీ పెట్టించాను.

పదో రోజు పొద్దున్నే జెట్టీకి పరిగెత్తాను. అప్ప వాళ్ళ బోటు తాడుకి కట్టేసి ఉంది. వాళ్ళాయన గట్టు మీద కూర్చుని చిరగని వలనే మళ్ళీ మళ్ళీ సవరించుకుంటున్నాడు. నేనే ఆవిడ ఫోన్ తీసుకుని, బోటు నంబరు కొట్టి నొక్కాను. వెంటనే వరస వచ్చింది, అదీ మొదటి వరస. పిచ్చిదానిలా నవ్వుతూ ఫోన్ ఆవిడ మొహం ముందు పెట్టాను.

ఆవిడ చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“బాగుంది తల్లీ. మొన్ననే కలాసీలు ఎల్లిపోనారు, ఏరే బోటు ఎక్కీసినారు. ఆయనొక్కడూ ఏటి సేత్తాడు? ఆ వరస ఎవులికైనా ఇచ్చీయి, నేపోతే ఐసు ఊరికే కరిగిపోతాది.”

వరస వదులుకునే బటన్ నా పేజీలో నేనెప్పుడూ పెట్టలేదు. దాని అవసరం ఎవరికైనా వస్తుందని నాకు తట్టలేదు. ఐసు ఎక్కించే మనిషి దగ్గరికి నేనే నడిచి వెళ్ళి, ఆ బోటు ఇవాళ వెళ్ళదని నోటితో చెప్పి వచ్చాను.