రేవులో జాగ ఉందా?

మొన్న మంగళవారం పొద్దున్నే మా చిన్నాన్న పోయాడు. చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. దవాఖానకు తీసుకెళ్లే పని కూడా పెట్టలేదు. హైదరాబాద్‌లో ఆఫీసుకు బయల్దేరుతుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ముంబైలో కంటెయినర్ ఓడల రాకపోకలకు వేళలు కుదర్చడం ఆయన పని. నన్ను ఈ పనిలోకి లాగిందీ ఆయనే. ఓడలు పోటీపడి ఉరికొచ్చేవి. తీరా వస్తే రేవులో జాగ ఉండదు, బయట లంగరేసి రోజులకొద్దీ పడిగాపులు. ఉరుకులాటలో తగలేసిన ఇంధనమంతా దండగ. ఆయనకు ఒళ్లు మండిపోయేది. "గంత ఉరికొచ్చి ఏం జేస్తరు? జాగ దొరికే యాళ్లకొస్తే సాలదా?" అనేవాడు. రేవు వాళ్లను విసిగించి, జాగ ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే తెలుసుకుని, ఓడను దారిలోనే నెమ్మదించమనేవాడు. వరుస పోతుందని కెప్టెన్లు భయపడితే, పోదని మాటిచ్చేవాడు. ఆ మాట నిలబెట్టడానికి మా ప్రాణాలు తోడేసేవాడు.

రిటైరై బాన్సువాడ వచ్చాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. పొద్దున బీర్కూర్ బస్సులో పొలానికి పోవాలంటే, బండి బస్టాండుకు రాగానే కండక్టర్ ఫోన్ చేయాలి. అప్పుడే చెప్పులేసుకునేవాడు. పెళ్లికి పోవాలన్నా అంతే, మొదటి బంతి లేచిందో లేదో కనుక్కునేవాడు.

"ఏందయ్యా నీ తమాష! మంది నవ్వుతుండ్రు" అని చిన్నమ్మ తిట్టిపోసేది.

ఆ రోజు నేను బాన్సువాడ చేరేసరికి ఆయన కూతురు ఇంకా షోలాపూర్ నుంచి కారులో వస్తోంది. పొద్దు గూకేలోపు ఎత్తాల్సిందేనని పెద్దల పట్టు. ఆఖరిచూపు దక్కుతుందో లేదోనని ఆ పిల్ల ఒకటే ఏడుపు. పైగా అందరూ తలా ఓ ఫోను: "జల్ది రా బిడ్డా, జల్ది రా!" ఆ తొందరలో దారిలో ఏ ప్రమాదం జరుగుతుందోనని నా భయం.

"ఆగుండ్రి! చిన్నాయిన ఇంట్ల గిట్ల జేస్తరా?" అని కసిరాను. కాట్లో కట్టెలు పేర్పించి, డప్పుల వాళ్లను పిలిపించి, అన్నీ సిద్ధం చేయించాను. పెద్దల చేత వేళ ఖాయం చేయించి ఫోన్ చేశాను.

"చెల్లే, నువ్వు రాకుండ ఎత్తం. నిమ్మలంగ రా."

"నాయిన మాట్లాడినట్టే ఉందన్నా," అని వెక్కింది.

వచ్చింది. తండ్రి మొహం తనివితీరా చూసుకుంది. పొద్దుండగానే సాగనంపాం. ఎక్కడికీ ముందుగా పోని మనిషి, ఈ ఒక్కదానికే తొందరపడ్డాడు.

మర్నాడు పొద్దున ఆయన ఫోన్ మోగింది. చెల్లె ఎత్తి స్పీకర్ పెట్టింది. కండక్టర్ గొంతు మా అందరికీ వినిపించింది.

"సార్, బండి వచ్చింది, బయల్దేరుండ్రి. హలో... సార్? ఫికర్ జేయకుండ్రి, కొంచెం సేపు ఆపుతా."

గడప పక్కన ఆయన చెప్పులు అలాగే ఉన్నాయి.