తలుపులు పెట్టని ఇండ్లు

వారం రోజులుగా కింది వాటాలో బండలు పరుస్తున్నారు. కోత మిషను తిరుగుతుంటే పక్కన ఒకతను చెంబుతో నీళ్లు పోస్తుంటాడు. తడిసిన రాతిపొడి బూడిదరంగు పాలలా వీధిలోకి పారుతుంది, దాని వాసన మెట్లెక్కి మా వంటగది దాకా వస్తుంది. పచ్చిగా, చల్లగా, కొంచెం ఇనుము తగిలినట్టుండే వాసన. వికారాబాద్‌లో ఈ అద్దె ఇంట్లో కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఆగిపోతాను. మా నాయిన చొక్కా వాసన అది.

నాయిన తాండూరులో నాపరాళ్ల పాలిష్ మిషను మీద పనిచేసేవాడు. రైలు పట్టాల అవతల మా వాడ. గనుల దగ్గర పారేసిన రాతిముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో మట్టి మెత్తి కట్టుకున్న ఇండ్లు. పైకప్పు కూడా బండలే. ఎండాకాలం అవి రొట్టెల పెనంలా కాలితే సాయంత్రం పైకెక్కి నీళ్లు చల్లేవాళ్లం. వానాకాలం ఏ మూల కారుతుందో, ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో పిల్లలకు కూడా తెలుసు. తొక్కుడుబిళ్ల ఆడటానికి మాకు దొరికినన్ని నున్నటి బిళ్లలు ఏ ఊరి పిల్లలకూ దొరికి ఉండవు. చలి మొదలవగానే చేన్ల నుంచి పచ్చి కందికాయలు వచ్చేవి. పక్కింటి మాణెమ్మ పెద్దమ్మ వాటిని పెద్ద గంజులో ఉప్పేసి ఉడకబెట్టి చాట నిండా పోస్తే, చుట్టూ కూర్చుని వేళ్లు కాలుతున్నా ఒలుచుకుని తినేవాళ్లం. క్రిస్మస్‌కు వాళ్లింట్లో గర్జెలు, బతుకమ్మకు మా ఇంట్లో సత్తుపిండి, ఎవరు చేసినా రెండిండ్లకూ సరిపడా చేసేవారు. మా రెండిండ్లకూ మధ్య గోడ ఒక్కటే. మా అమ్మ దగ్గితే అవతలి నుంచి మాణెమ్మ, "లచ్చిమీ, జర మిరియాలు నములు" అని కేకేసేది.

నాయినమ్మ పేరు బాలమ్మ. ఆ ఇంటి రాళ్లు ఆమె తన తలమీద మోసి తెచ్చినవి. పొద్దస్తమానం గడప మీద కూర్చుని వక్క నములుతూ, దారినపోయే ఒక్కరిని కూడా పలకరించకుండా వదిలేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆఫీసర్లు వచ్చారు. ఈ ఇండ్లు కూలగొట్టి ఇదే జాగలో స్లాబు ఇండ్లు కట్టిస్తాం, ఒక్క ఏడాది ఎక్కడన్నా సర్దుకోండి అన్నారు. వాడంతా సంబురపడింది. నాయినమ్మ ఒక్కతే గడప మీంచి లేవలేదు.

"జాగ ఇడిస్తే మల్ల వస్తదారా?" అని అడిగింది నాయినను.

"ఏడాదే గదమ్మా. నువ్వు గూడ స్లాబు కింద పండుకుంటవ్."

జేసీబీ వచ్చిన రోజు మా ఇల్లు కూలడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. నాయినమ్మ చూడలేదు. మాణెమ్మ భుజంలో మొహం దాచుకుంది.

అందరం చెదిరిపోయాం. మాకు బస్టాండు వెనక అద్దెకు ఒక్క అర్ర దొరికింది, మాణెమ్మ వాళ్లకు ఊరికి ఆ కొసన ఇంకొకటి. ఒకే ఊళ్లో ఉన్నా అమ్మా మాణెమ్మా అంగట్లో ఎదురుపడితేనే మాటలు. అద్దె ఇంటి గేటు దగ్గర కూర్చోవద్దని ఓనరు భార్య చెప్పడంతో నాయినమ్మకు పలకరించడానికి మనుషులే లేకుండా పోయారు. గోడకు ఆనుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. ఏడాది రెండేళ్లయింది, మూడేళ్లయింది. మా వాడ జాగలో గోడలు లేచాయి, స్లాబు పడింది, అక్కడికి పని ఆగింది. తలుపుల్లేవు, కిటికీల్లేవు, కరెంటు లేదు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు.

ఆ వానాకాలం నాయినమ్మ మంచం పట్టింది. ఓనరు చెడ్డవాడేం కాదు, ఒకసారి తనే ఆటో పిలిచి ఆసుపత్రికి పంపాడు. తర్వాత ఒకరోజు మాత్రం వాకిట్లో నిలబడి, చెప్పుల వంక చూస్తూ నాయినతో అన్నాడు:

"ఏమనుకోకన్నా. అవ్వకు ఏమన్న అయితే మా ఇంట్ల గావద్దు. మా బిడ్డ లగ్గం పెట్టుకున్నం."

లోపల నాయినమ్మ వింది. కాసేపటికి నాయినను పిలిచి, "నన్ను మన జాగకు తోల్కపోరా. ఈడ ఒద్దు" అంది.

మర్నాడు పొద్దున ట్రాలీ ఆటోలో, తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు పట్టుకుని, తలుపులు పెట్టని ఆ ఇండ్లలోకి తీసుకుపోయాం. రెండో వరసలో చివరి ఇల్లు కొంచెం పొడిగా ఉంది. అమ్మ మేకపెంటికలు ఊడ్చి చాప పరిచింది. ద్వారానికి దుప్పటి కట్టాం. కబురు ఎలా అందిందో, మొదట మాణెమ్మ వచ్చింది, మధ్యాహ్నానికి సగం వాడ వచ్చింది. ఎవరో స్టవ్ తెచ్చారు, ఎవరో బియ్యం తెచ్చారు. మూడేళ్ల తర్వాత మళ్లీ అందరం ఒకచోట కూర్చుని తిన్నాం. నేనూ మాణెమ్మ బిడ్డ మంజులా పక్క ఇంట్లో గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడాం. నాయినమ్మ చనిపోతోందని తెలిసినా ఆ రెండు రోజులూ నేను సంతోషంగా ఉన్నాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

రెండోనాడు నాయినమ్మ కళ్లు తెరిచి స్లాబు వంక చాలాసేపు చూసింది.

"గిది ఎవలిల్లు?"

"నీదే అవ్వా," అంది మాణెమ్మ, ఆమె చెయ్యి నిమురుతూ.

ఆ సాయంత్రమే నాయినమ్మ పోయింది.

ఇంకో రెండేళ్లకు పని పూర్తి చేసి, ఇండ్లు ఎవరికో తేల్చడానికి పేర్లు తీశారు. జాగ ఇచ్చింది వాడంతా. కట్టింది అందులో సగం మందికే. బడిలో బకెట్‌లో చీటీలు వేసి ఒక చిన్నపిల్లతో తీయించారు. మా పేరు రాలేదు. మాణెమ్మ పేరు వచ్చింది. రెండో వరస, చివరి ఇల్లు.

బడి వాకిట్లో అందరిముందు అమ్మ అరిచింది. "నీదే అని మా అత్తకు చెప్పిన నోరు గాదే నీది? ఆమె సచ్చిన కాడ ఎట్ల వండుకుంటవ్?"

"నేనేం జేతు లచ్చిమీ, చీటి తీసింది నేనా?" మాణెమ్మ ఏడుస్తోంది. "రెండర్రలున్నయి. ఒకదాంట్ల మీరుండుండ్రి."

అమ్మ నా రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. మళ్లీ ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆ వారమంతా పేరు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ కొట్లాటలు. కందికాయలు కలిసి ఒలుచుకు తిన్నవాళ్లే ఒకరి కిటికీల మీద ఒకరు రాళ్లు వేసుకున్నారు.

ఊపిరితిత్తులు రాతిపొడితో నిండిపోయి, కొన్నేళ్లకు నాయిన ఆసుపత్రిలోనే పోయాడు. ఇంట్లో పోలేదు, అదే నయమైందని అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అనుకున్నాం. అక్కడి నుంచే నేరుగా శ్మశానానికి తీసుకుపోయాం. మాణెమ్మ దూరంగా గోడ పక్కన నిలబడి, మట్టి వేయకుండానే వెళ్లిపోయింది.

ఈ మధ్య పనిమీద తాండూరు పోయినప్పుడు అటు వెళ్లాను. కాలనీకి కొత్త పేరు బోర్డు ఉంది. మా వాడ పేరు చెబితే కిరాణా కొట్టు అమ్మాయికి తెలియలేదు. అన్నీ మూసిన తలుపులే. చాటల చుట్టూ ఎవరూ లేరు, గోడ అవతలి నుంచి ఎవరి దగ్గుకూ ఎవరూ పలకడం లేదు. చివరి ఇంటి దాకా పోయి, తలుపు తట్టలేక తిరిగొచ్చాను.

వికారాబాద్‌లో ఇది మాకు తొమ్మిదో ఇల్లు. అడగడానికి వచ్చినప్పుడు ఓనరు అన్నీ అడిగి, చివర, "ఇంట్ల ముసలోళ్లు ఎవరన్న ఉంటరా?" అన్నాడు. లేరన్నాను. పాత ఇల్లు ఖాళీ చేసి వచ్చిన అమ్మ అప్పుడు వీధి చివర ఆటోలో, సామాన్ల మధ్య కూర్చుని ఉంది. ఆమెను తెలిసినవాళ్లింట్లో ఉంచి, వారం తర్వాత తీసుకొచ్చి, నన్ను చూడటానికి వచ్చిందని చెప్పాను.

అలా చూడటానికి వచ్చి ఏడాది దాటింది. మెట్ల మీద ఓనరు చెప్పుల చప్పుడు వినబడితే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, దగ్గు ఆపుకుంటుంది.