మూడు వీధులకు పట్టే మాట

పోయిన బుధవారం మా తమ్ముడు చీరల మూటతో తిరుపతికి వచ్చి, మూట దించకుండానే చెప్పాడు. "అక్కా, టైపు సారు పోయినాడు. మొన్న పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయినాడంట." నేను జడ వేసుకోవడం పూర్తి చేశాను. ఆఫీసుకు వెళ్లి సాయంత్రం దాకా టైపు కొట్టాను. ఏడుపు రాలేదు. ఆ రోజు ఒక్క తప్పు కూడా పడలేదని మాత్రం గమనించాను.

పుత్తూరుకు అవతల మాది నేతగాళ్ల ఊరు. అక్కడ నూలు అంగడి మేడ మీద ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున మాకు పాఠాలు, మధ్యాహ్నం ఊరివాళ్లకు ఇంగ్లీషు అర్జీలు. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి కనుక, ఆయన రాసిస్తే పని జరుగుతుందని నమ్మకం. ఆలస్యం అవుతుందని కూడా అందరికీ తెలుసు. చిన్న మాటలు గబగబా రాసేవారు. వైడ్, వాస్ట్, ఎక్స్‌టెన్సివ్ లాంటి మాటల దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగిపోయేది. చెప్పుల అంగడివాడు కాలు చూడకుండా జత తీయనట్టు, ఆయన సంగతి చూడకుండా ఆ మాటలు తీసేవారు కాదు.

రేషన్ అంగట్లో మూడేళ్లు పనిచేసిన ఒకాయన, ఉద్యోగం దరఖాస్తులో తనకు వాస్ట్ ఎక్స్‌పీరియన్స్ ఉందని రాయమన్నాడు. "మూడేండ్లకే వాస్ట్ అంటే, ముప్పై ఏండ్లు చేసినోడు ఏమని రాసుకోవాలప్పా?" అన్నారు సారు. మూడేళ్లు అని మాత్రం రాసిచ్చారు. అతను అలిగి ఇంకొకరి దగ్గర రాయించుకున్నాడు. సారు అతణ్ణి మెట్ల దాకా సాగనంపి వచ్చారు.

నేను అప్పటికే పాఠం అయిపోయి ఆయన దగ్గరే టైపిస్టుగా పనిచేస్తున్నాను. డెబ్బైల చివర ఒక కార్తీకంలో వానలు పట్టుకుని వదల్లేదు. మావి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తారు. కింది మూడు వీధుల్లో ఆ గుంటలన్నీ నీళ్లతో నిండి, మగ్గం మీద నిలువుగా కట్టిన పడుగు నూలంతా నాని చెడిపోయింది. మా పై వీధి మెరక. మాకు నీళ్లు రాలేదు, పని మాత్రం ఆగిపోయింది. పడుగుకు గంజి పెట్టి ఆరేసేది కింది వీధిలోనే.

సర్కారు సాయం కోసం అర్జీ రాయించడానికి పెద్దలు మేడెక్కారు. అందులో మా నాయన ఒకడు. సారు వెంటనే రాయలేదు. గొడుగు తీసుకుని రెండు రోజులు మోకాలి లోతు నీళ్లలో నాలుగు వీధులూ తిరిగి వచ్చి నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "సూడు పాపా. వైడ్‌స్ప్రెడ్ అంటే ఆడింత ఈడింత అన్ని తావులా ఉండాది అని. ఎక్స్‌టెన్సివ్ అంటే ఒక తావు నుంచి చానా దూరం పరుచుకోనుండాది అని. ఎంటైర్ అంటే ఇంక మిగిలిందే లేదని. మనది రెండోది." కింది మూడు వీధులకూ ఎక్స్‌టెన్సివ్ అని రాసి, పై వీధికి మగ్గాలు పొడిగానే ఉన్నాయి, పని లేదు అని ఒక వాక్యం విడిగా పెట్టారు.

నాయన ఊరుకోలేదు. "సారూ, ఊరంతా మునిగిందని ఒక్క మాట పెద్దది రాస్తే మీకేం పోతాది?"

"తనిఖీకి వచ్చేటోడు ఏ ఇంటి నుంచి మొదలుపెడతాడో నాకు తెల్దు గదప్పా" అన్నారు సారు.

ఆ వాక్యంతో మాకేమీ రాదని నాయన ఇంట్లో అన్నాడు. అప్పటికి ఇంట్లో మూడు వారాలుగా మగ్గం ఆడలేదు. మర్నాడు నేను ఎంటైర్ అని కొట్టాను. పై వీధి వాక్యం వదిలేశాను. నేను కొట్టినది సారు తిరిగి చదివేవారు కాదు. అంత నమ్మకం.

ఆఫీసరు వచ్చిన రోజున జీపు నీళ్లలోకి దిగలేక మా వీధిలోనే ఆగింది. మొదటి ఇల్లు మాదే. ఆయన మా మగ్గం గుంటలోకి వంగి చూశాడు. పొడిగా ఉంది. చేతిలోని కాగితం చూశాడు, మళ్లీ గుంట చూశాడు, కిందికి పోకుండానే జీపెక్కాడు.

సాయంత్రం కింది వీధివాళ్లు మేడ మీదికి వచ్చారు. "మీ ఇంగ్లీసు మా కొంపలు ముంచింది సారూ" అన్నారు. సారు కార్బన్ కాపీ తీసి చదివారు. నావైపు చూడలేదు. నేను మిషన్ మీద చేతులు పెట్టుకుని, ఇప్పుడు నా పేరు వస్తుందని కూర్చున్నాను.

"మాట నాదే. తప్పు జరిగిపోయింది. ఇంకోటి రాస్తా" అన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కింది వీధికి వెళ్లారు. ఒకింట్లో ముసలావిడ చెంబుతో గుంటలో నీళ్లు తోడుతోంది. తోడినంతా మళ్లీ ఊరుతోంది. "దీనికి ఏ మాట పడతాది?" అని అడిగారు. ఏ మాటా చాలదన్నాను. "అయితే ఇంటిపేరు రాసుకో, ఏం తడిసిందో రాసుకో" అన్నారు. రెండో అర్జీ అంతా అలాగే రాశాం. అందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. మా ఇల్లు కూడా ఉంది: మగ్గం పొడి, పని లేదు.

రెండు నెలలకు కింది వీధులకు నూలు వచ్చింది. మాకు రాలేదు. కానీ మొదటి అర్జీ చెడగొట్టింది సారేనన్న మాట ఊళ్లో నిలిచిపోయింది. అర్జీలు రాయించుకోవడానికి జనం పుత్తూరుకు పోసాగారు. ఆయన పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. తిరుపతిలో ఉద్యోగం వచ్చినప్పుడు నాకు సర్టిఫికెట్ రాసి, నన్నే కొట్టమన్నారు. అందులో యాక్యురేట్ అని ఉంది. "ఈ మాట నాకు పట్టదు సార్" అన్నాను. "ఇప్పుడు పడతాది లే, కొట్టు" అన్నారు. మా మధ్య ఆ సంగతి వచ్చింది ఆ ఒక్కసారే. నిజం చెప్పడానికి నాకు పదేళ్లు టైముండింది. చెప్పలేదు. దానికి సిగ్గుపడుతున్నాను.

ఆదివారం ఊరికి వెళ్లాను. నాయన మగ్గంలో ఉన్నాడు. "మంచోడే పాపం. ఆ పొద్దు ఒక్క మాటతో అందరినీ చెడిపినాడు గానీ" అన్నాడు.

"నాయనా, ఆ మాట కొట్టింది నేను. ఆయన రాసింది వేరే."

మగ్గం ఆగింది. "ఆయనకు తెలుసునా?" అన్నాడు.

"ఆ పొద్దే తెలుసు."

నాయన గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. సారు ఇంటికనుకున్నాను. కాదు, కింది వీధికి తిరిగాడు. మొదటి గడప ముందు నిలబడి లోపలివాళ్లను బయటికి పిలిచాడు. వాళ్లు వచ్చాక తల వంచుకుని ఏదో చెప్పి, పక్క గడపకు వెళ్లాడు.