క్యారియర్ లేని సైకిల్

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చిన్నప్పుడు మా ఊరి బయట ఒక చింతచెట్టు మీద దయ్యం ఉందని అందరూ చెప్పుకునేవారు. ఆ దయ్యాన్ని పుట్టించింది నేనే. పిల్లలెవరూ అటు రాకపోతే కాయలన్నీ నాకే మిగులుతాయని. ఒక దయ్యం పుట్టుక నాకు ఇంత బాగా తెలుసు కాబట్టి మిగతావన్నీ కూడా అట్లాగే పుట్టి ఉంటాయని అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నమ్మకం కుదిరిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఒక కొత్త సైకిల్‌ను మొదటిసారి తొక్కినప్పుడు ఏం జరిగిందో అంతే రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను సైకిల్ మెకానిక్‌ని. సైకిల్ గురించి నేను చెప్పేది నమ్మవచ్చు. మిగతా విషయాల్లో నా మాట మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు.

మాది దేవరకొండ పక్క ఊరు. పని మాత్రం హైదరాబాదులో, ఒక పెద్ద సైకిళ్ల షాపులో. డబ్బాల్లో ముక్కలుగా వచ్చిన సైకిళ్లను బిగించి నిలబెట్టడం నా వంతు.

నా సంగతి కంటే ముందు సైదులు బావ సంగతి చెప్పాలి. మా అక్క భర్త. గొర్రెల కాపరి. మా పక్క బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో అందరికీ తెలుసు. ఆ నీళ్లు తాగి తాగి నలభై ఏళ్లకే బావ నడుము, మెడ బిగుసుకుపోయాయి. వెనక నుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరిగేవాడు. "మా బావ దొర, తల తిప్పి చూడడు" అని నేను ఎక్కిరించేవాణ్ణి. "మీ అక్కను చేసుకున్నప్పటి నుంచే మెడ వంచుడు బందు పెట్టిన" అనేవాడు.

గుట్ట ఎక్కలేకపోయాక మందను అక్క చూసుకునేది. నేను ఊరికి వచ్చినప్పుడల్లా బావను మా పాత సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని గుట్ట మీదికి తీసుకుపోయేవాణ్ణి. ఎక్కేటప్పుడు సగం తొక్కడం, సగం నెట్టడం. దిగేటప్పుడు మాత్రం ఇద్దరమూ రాజులమే.

బావ నొప్పి అని ఏనాడూ నోటితో అనలేదు. ఎడమ చేత్తో నా చొక్కాను నడుము దగ్గర పట్టుకునేవాడు. సైకిల్ రాయి ఎక్కి దిగినప్పుడల్లా ఆ పిడికిలి బిగిసేది. ఎంత బిగిస్తే అంత నొప్పి అని నాకు లెక్క. అప్పటి నా చొక్కాలన్నీ ఎడమ పక్కే చినిగేవి. నా భార్యే కొట్లాటలో చింపుతోందని ఊరి దర్జీ ఒకసారి అనుమానపడ్డాడు కూడా.

చివరిసారి దసరాకు వచ్చినప్పుడు బావ మంచంలోనే ఉన్నాడు. మందలో బొల్లి గొర్రె ఈనింది. ముఖం మీద తెల్లమచ్చ ఉన్న ఆ గొర్రెను బావే పాలు పట్టి పెంచాడు.

"ఒక్కపారి గుట్ట మీదికి తీస్కపోరా. బొల్లిదాని పిల్లను చూడాలె" అన్నాడు.

పిల్లను గంపలో పెట్టి ఇంటికే తెస్తానని అక్క అంది. బావ ఒప్పుకోలేదు. కాపరిని మంద దగ్గరికి తీసుకుపోవాలి గానీ, పిల్లను మంచం దగ్గరికి తెచ్చుడేందని కోపం చేశాడు.

నేను సైకిల్‌ను చూశాను, బావ నడుమును చూశాను. నాకు ధైర్యం చాలలేదు. ధైర్యం లేనప్పుడు నాకు నోరు ఎక్కువవుతుంది.

"దీని మీద తీస్కపోతే నీ నడుము గుట్ట మీదనే ఉంటది, నువ్వొక్కనివే ఇంటికొస్తవు. మా షాపుల కుదుపు లేని సైకిళ్లు వస్తున్నయ్ బావా. ఒకటి తెస్త. పెండ్లికొడుకు లెక్క తీస్కపోత. జర ఆగు."

బావ నవ్వాడు. "నీ కుదుపులేని సైకిల్ వచ్చేదాంక ఆ పిల్ల సుత ఈనుతదిరా."

మూడు వారాలకు షాపులో ఒక చక్రం పుల్లలు బిగిస్తుండగా ఫోన్ వచ్చింది. అప్పటికే బావ పోయాడు.

నేను చేసింది మెకానిక్ చేసే తప్పు. మంచి సామాను దొరికాక చేద్దామని ఉన్న సామానుతో అయ్యే పనిని పక్కన పెట్టడం. పాత సైకిల్‌నే మెల్లగా నెట్టుకుంటూ తీసుకుపోయినా సరిపోయేది. మా ఊరి నల్లాలో కృష్ణా నీళ్లు కూడా బావ ఎముకలు బిగుసుకుపోయాకే వచ్చాయి. నీళ్లను ఏమంటాం. నన్ను నేను అనుకోవాలి.

ఆ తర్వాత రెండో ఏడు, వానలు తగ్గాక, షాపుకు ఆ సైకిల్ వచ్చింది. ముందూ వెనకా కుదుపును మింగే షాకబ్జర్లు. ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలు. పెద్ద చక్రాలు కొత్తగా కనిపెట్టినట్టు డబ్బా మీద గొప్పగా రాశారు. మా తాతల పాల సైకిల్ చక్రాలు ఇంచుమించు అంతే ఉండేవి. ఏదో ఒకటి చిన్నగా చేసి, మళ్లీ పెద్దగా చేసి అమ్ముతారు.

దాన్ని బండల మీద తొక్కి చూసి ఎట్లా ఉందో చెప్పమన్నాడు మా షాపు సేట్. గిరాకీలు అడుగుతున్నారు, ఆయన పొట్టతో ఆయన తొక్కలేడు. చక్రాలు విప్పి బస్సులో ఊరికి తెచ్చాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, నా సైకిల్ ఆడదో మగదో కండక్టర్ అడగనన్నా అడగలేదు, టికెట్ కొట్టాడు.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. మనిషి కూర్చోగానే వెనక షాకబ్జర్ కొంత దిగుతుంది. ఎంత దిగిందో తెలియడానికి దాని కడ్డీ మీద సన్నటి నల్ల రబ్బరు రింగు ఉంటుంది. రింగును మొదటికి జరిపి, మెల్లగా కూర్చుని, మెల్లగా దిగాలి. రింగు ఎక్కడ ఆగితే అదే మన బరువు గుర్తు. ఆదివారం పొద్దున అక్క ఇంటి గోడను పట్టుకుని, గాలి నింపి, నా బరువుకు రింగు కడ్డీలో నాలుగో వంతు దగ్గర ఆగేట్టు చేశాను. షాకబ్జర్‌కు గాలి కొట్టే చిన్న పంపును జేబులో పెట్టుకున్నాను. దానికే ముల్లు ఉంటుంది, గాలి ఎంతుందో చూపిస్తుంది.

గుట్ట ఎక్కాను. అబద్ధం ఎందుకు, అద్భుతంగా ఉంది. రాయి వచ్చిందని నేను అనుకునేలోపే చక్రం దాన్ని దాటి పోతుంది. పాత సైకిల్ మీద దిగి నెట్టిన చోట్లన్నీ కూర్చునే ఎక్కాను. ఒక్కో బండ దాటుతుంటే, అక్కడ బావ పిడికిలి ఎంత బిగిసేదో లెక్క వేసుకుంటూ పోయాను.

పైన అక్క మందతో ఉంది. చుట్టూ తిరిగి చూసింది.

"దున్నపోతు లెక్కున్నది గదరా తమ్మీ. ఎనుక కూసునే జాగేది?"

"దీనికి క్యారియర్ ఉండదక్కా."

"మీ బావ ఉంటే తిట్టిన తిట్టు తిట్టకుండ తిడుతుండె" అని, ఒక తెల్లమచ్చ గొర్రెను చూపించింది. అప్పటి పిల్ల అదేనట. దాని పొట్ట కింద దాని పిల్ల పాలు తాగుతోంది. బావ అన్న మాట అక్కకు గుర్తుందో లేదో.

దిగడానికి సైకిల్‌ను తిప్పాను. సీటు మీద కూర్చుని, ఎడమ కాలు నేలకు ఆనించి, రెండు బ్రేకులూ పట్టుకుని ఆగాను. ఎందుకు ఆగానో కొంచెం సేపటికి గానీ తెలియలేదు. బావ ఎక్కి సర్దుకుని "ఇగ పోనియ్" అనేదాకా అట్లా ఆగడం నాకు అలవాటు. నా మీద నాకే నవ్వు వచ్చింది.

అప్పుడు సీటు దిగింది.

మాట వినపడలేదు, చల్లగాలి వీచలేదు. పొద్దున తొమ్మిది అయి ఉంటుంది, మంచి ఎండ. మనిషి వెనక కూర్చుంటే సైకిల్ ఎట్లా దిగుతుందో అట్లా దిగింది, అంతే.

గాలి పోయిందనుకున్నాను. అట్లాగే దిగడం మొదలుపెట్టాను. వెనక మనిషి ఉంటే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ కొంచెం ఊగుతుంది. అది ఊగుతోంది. బ్రేకు రెట్టింపు నొక్కాల్సి వస్తోంది. ఇవి వేలసార్లు తెలిసిన సంగతులు, చేతులు పొరపాటు పడవు.

సగం దారిలో చదునుగా ఒక పరుపు బండ ఉంది. అక్కడ దిగి పంపు తగిలించి చూశాను. ముల్లు పొద్దున ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఎత్తు నుంచి దూకితే రింగు ఎటైనా జారుతుంది, అది లెక్కలోకి రాదు. అందుకే మళ్లీ మొదటికి జరిపి, పక్క బండను పట్టుకుని మెల్లగా కూర్చున్నాను, మెల్లగా దిగాను.

రింగు సగం దాటి ఆగింది.

ఇంకోసారి చేశాను. అక్కడే ఆగింది. అక్క ఇంట్లో రెండు జొన్న రొట్టెలు ఎక్కువ తిన్న మాట నిజమే, కానీ రొట్టెలకు అంత బరువు రాదు.

గంట చప్పుడైంది. బావ పెంచిన బొల్లి గొర్రె మెడలోని గంట. మంద మొత్తం గుట్ట దిగి నాకు ఇరవై అడుగుల దూరంలో నిలబడింది. సైకిల్‌ను చూస్తే గొర్రెలు బెదిరి చెదిరిపోతాయి. ఇవి బెదరలేదు. మళ్లీ సైకిల్ ఎక్కాను. వెనక్కి చూడలేదు. భయం కాదు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు, అందుకు.

కింద మూడు మెట్ల బండ ఉంది. బావ పిడికిలి అన్నిటికంటే గట్టిగా బిగిసేది అక్కడే. దగ్గర పడుతుంటే నాకు తెలియకుండానే "బావా, గట్టిగ పట్టుకో" అన్నాను.

చక్రాలు ఒక్కో మెట్టూ దిగాయి. నా నడుము దగ్గర చొక్కాను ఎవరూ పట్టుకోలేదు. వెనక బరువు మాత్రం అట్లాగే ఉంది.

అక్క ఇంటి ముందు ఆపి, కాలు ఆనించి, అట్లాగే కూర్చున్నాను. కాసేపటికి సీటు కొంచెం లేచింది. గోడను పట్టుకుని మూడుసార్లు చూశాను. మూడుసార్లూ రింగు నాలుగో వంతు దగ్గరే ఆగింది. గాలి ముల్లు అక్కడే ఉంది.

కొంచెం సేపటికి అక్క వచ్చింది, మంద ఆమె ముందే ఉంది.

"మందను నువ్వు పిలిచినవా?"

లేదన్నాను.

"నేను వీటిని అదిలియ్యలే. పొద్దు నడినెత్తికి రాందే ఇవి గుట్ట దిగవు. మరి నీ ఎనుక ఎందుకొచ్చినయ్?"

నాకేం తెలుసన్నాను. అక్క నా ముఖం చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి చేతికి ఇచ్చింది.

లోపల రబ్బరు సీలు పట్టేసి ఉంటుందని షాపులో ఒకతను అన్నాడు. సీలు పట్టేస్తే షాకబ్జర్ తక్కువ దిగాలి, ఎక్కువ కాదు. ఆ షాకబ్జర్‌ను నా చేత్తో విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. నా బాధే నాకు బరువై తోచిందని ఇంకొకరు అనవచ్చు. అయి ఉండవచ్చు. కానీ రబ్బరు రింగుకు బాధ ఉండదు కదా. గొర్రెలకు నా మనసుతో పనేముంది. జవాబు వెతకడం మానేశాను.

సైకిల్ ఎట్లా ఉందని సేట్ అడిగితే, కుదుపు లేదని చెప్పాను. వివరంగా చెప్పమన్నాడు. అంతకంటే వివరం లేదన్నాను. నేను ఒక్క మాటతో ఆగిపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు, జ్వరమా అని అడిగాడు.

ఆ పొద్దున అక్క ఇచ్చిన నీళ్లు తాగాక నేను చేసిన మొదటి పని, చొక్కా ఎడమ పక్కను వెలుతురులోకి తిప్పి చూసుకోవడం. నడుము దగ్గర చినుగు లేదు. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.