పరీక్షకు వచ్చే బాపు

మా బ్యాచిలో పరీక్షను బేరమాడి కొన్న ఘనత నా ఒక్కడిదే. కామారెడ్డిలో మాది బట్టల దుకాణం. అడిగిన ధర ఇచ్చి వస్తే మా ఇంట్లో అన్నం పెట్టరు.

డాక్టరు చదువులో ప్రాక్టికల్ పరీక్షకు నిజమైన రోగులను పిలిచి మంచాల మీద పడుకోబెడతారు. నా వంతుకు వచ్చినాయన ఎల్లారెడ్డిలో చేతిమిషను మీద బట్టలు కుట్టే పెద్దమనిషి. పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఏటా పరీక్షకు వచ్చి వచ్చి, తన జబ్బు గురించి ఆయనకు మాకంటే ఎక్కువ తెలుసు.

“ఐదు వందలిస్తే అన్నీ చెప్త బిడ్డా.”

“రెండు వందలు, బాపూ. నేను దుకాణం పిల్లగాణ్ణి.”

నవ్వి ఒప్పుకున్నాడు. కాలు మీద చెయ్యి వేయబోతే మాత్రం నా మణికట్టు పట్టుకున్నాడు. “అడిగి ముట్టు.” పెద్ద డాక్టరుకైనా ఆయన మాట అదేనట.

“ఇలాంటి రోగితో ఎలా మెలగాలి?” అని పరీక్ష పెట్టే డాక్టరు చివర్లో అడిగారు.

“ముట్టే ముందు అడగాలి సార్. ఏం సాయం కావాలో ఆయన్నే అడగాలి.” అదీ ఆయన సరుకే. సారు మెచ్చుకున్నారు.

వార్డు ఖాళీ అవుతుంటే బాపు నన్ను పిలిచాడు. “లిఫ్టు నడుస్తలేదంట. జర కిందికి దించుతవా? ఎల్లారెడ్డి బస్సు పోతది.”

“ఇప్పుడే వస్తా,” అని నా గొప్ప చెప్పుకోవడానికి దోస్తుల దగ్గరికి పోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన అరచేతులు ఆనించి, కూర్చునే జరుగుతూ ఆఖరి మెట్టు దిగుతున్నాడు. “సారుతోని మంచిగ చెప్పినవ్ బిడ్డా,” అన్నాడు. బస్సు అప్పటికే పోయింది.

ఇప్పుడు ఆ పాఠం విద్యార్థులకు నేనే చెబుతున్నాను. ఆ రోజు లెక్క దాచకుండా కడితే, ఆయన చేతుల మీద దిగిన మెట్లు ఇరవై నాలుగు. నేను చెయ్యి అందించిన మెట్టు ఒక్కటీ లేదు.